మనవరాలి గార్టర్ పాము: అమెరికా పోయే తాతలకు, నానమ్మలకు తిండి లెక్కలు

హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లో ఏ కాలనీకి పోయినా అమెరికాలో కొడుకో బిడ్డో ఉన్న ఇల్లు కనిపిస్తది. పురుళ్లకో, పిల్లల్ని చూసుకోవడానికో ఆర్నెల్లు ఉండి వచ్చే పెద్దలు అక్కడ కుక్క ఉంటుందనో పిల్లి ఉంటుందనో ముందే అనుకుని పోతారు. కొన్ని ఇళ్లల్లో మాత్రం మనవరాలి గదిలో అద్దాల తొట్టి, అందులో వీపు పొడుగునా పసుపు చారలున్న పాము ఉంటుంది. దాన్ని గార్టర్ పాము అంటారు. కొడుకూ కోడలూ ఆఫీసుకు పోతే, లేకుంటే నాలుగు రోజులు ఊరికి పోతే, దాని తిండీ నీళ్లూ చూసే పని తాతమీదో నానమ్మమీదో పడుతుంది. ఈ పోస్టు వాళ్ల కోసం రాస్తున్నాను. తిండి గురించి ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువ జరిగేది అక్కడే.

భయం సంగతి ముందు తేల్చుకుందాం. గార్టర్ పాములు తామ్నోఫిస్ అనే ప్రజాతివి. కెనడా నుంచి మధ్య అమెరికా దాకా ముప్పైకి పైగా జాతులున్నాయి. పెద్దవి మామూలుగా 50 నుంచి 75 సెంటీమీటర్లు ఉంటాయి, ఆడవి ఇంకాస్త పొడుగు. లాలాజలంలో చాలా బలహీనమైన విషం ఉంటుంది. అది కప్పలకూ చిన్న చేపలకూ పనిచేస్తుంది. మనిషిని కరిస్తే మహా అయితే కొంచెం వాపు, దురద. సబ్బుతో కడిగితే సరిపోతుంది. వాపు పెరుగుతూ పోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. మన చెరువు గట్ల మీద కనిపించే నీరుకట్టెకు ఇది దూరపు చుట్టం. అదే నీటి ఒడ్డు బతుకు, అదే కప్పలూ చేపలూ. తేడా ఏమిటంటే నీరుకట్టె గుడ్లు పెడుతుంది, గార్టర్ పిల్లల్నే కంటుంది, ఒక్క కాన్పుకు పది నుంచి నలభై దాకా.

మీ ఇంట్లో ఉన్నది ఏ జాతో అడిగి తెలుసుకోండి. కామన్ గార్టర్, ప్లెయిన్స్ గార్టర్, చెకర్డ్ గార్టర్ ఈ మూడే ఎక్కువగా పెంపకంలో కనిపిస్తాయి. టెక్సస్, మెక్సికో వైపు చెకర్డ్ గార్టర్ వేడిని కొంచెం బాగా ఓర్చుకుంటుంది, ఎలుక పిల్లలను తొందరగా అలవాటు చేసుకుంటుంది. కామన్ గార్టర్‌కు చల్లదనం ఎక్కువ ఇష్టం. కొన్ని పాములు చేప తప్ప ఇంకేదీ ముట్టవు.

ఇప్పుడు అసలు విషయం. పెంపుడు గార్టర్ పాము ఆకలితో చావడం అరుదు. నెలల తరబడి తప్పు చేప తిని చావడం మాత్రం చాలా ఇళ్లల్లో జరుగుతుంది. కొన్ని చేపల మాంసంలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1 విటమిన్‌ను, అంటే థయామిన్‌ను, విరగ్గొట్టేస్తుంది. పాము కడుపు నిండుతుంది, ఒళ్లు కూడా పెరుగుతుంది, లోపల నరాలకు కావలసిన విటమిన్ మాత్రం అందదు. పెట్ షాపులో ఫీడర్ చేపలని చవగ్గా అమ్మే గోల్డ్ ఫిష్, రోజీ రెడ్ అనే చిన్న మిన్నో చేప రెండిట్లోనూ ఈ ఎంజైమ్ ఉంది. మనవరాలు చెయ్యి పట్టుకుని షాపుకు తీసుకుపోతే మొదట కనపడేవి అవే. స్మెల్ట్, హెరింగ్ అనే చేపలు కూడా అదే జాబితా.

మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సింది ఇండియన్ స్టోరు ఫ్రీజర్ దగ్గర. అక్కడ రవ్వు, బొచ్చె ముక్కలు దొరుకుతాయి. ఇంట్లో కూరకు తెచ్చినప్పుడు ఒక ముక్క పాముకు కూడా వేద్దామనిపిస్తుంది. కార్ప్ కుటుంబం చేపల్లో చాలావాటిలో థయామినేజ్ ఉంటుంది, మన చెరువుల్లో వదిలే బంగారు తీగ కూడా అందులోదే. కాబట్టి రవ్వు, బొచ్చె, బంగారు తీగ మూడూ పాముకు వద్దు. ఉప్పూ పసుపూ కారం పట్టించిన ముక్క ఏ చేపదైనా వద్దు. ఫ్రీజర్లో పెడితే ఈ ఎంజైమ్ పోతుందని కొందరు చెప్తారు, పోదు. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం ఐదు నిమిషాలు ఉంచితే పోతుంది, కానీ ఆ వేడికి చేపలో ఉన్న మంచి విటమిన్లు కూడా తగ్గుతాయి. ఉడికించి సర్దుకోవడం కంటే సరైన చేప తేవడమే తేలిక.

సరైన చేపలు ఇవి: ట్రౌట్, సాల్మన్, తిలాపియా, బతికున్నవి కావాలంటే గప్పీలు. తిలాపియా ఏ సూపర్ మార్కెట్లోనైనా దొరుకుతుంది. ఎముక తీసేసిన ఫిల్లెట్ అయితే అందులో కాల్షియం ఉండదు, అందుకే సరీసృపాల కోసం అమ్మే కాల్షియం పొడి చిటికెడు చల్లాలి. రెండు వారాలకోసారి బి1 ఉన్న విటమిన్ పొడి కూడా అలాగే. చిన్న చేపను ముల్లుతో సహా పెడితే ఈ గొడవ తగ్గుతుంది. పచ్చి చేపలో పురుగుల గుడ్లు, డింభకాలు ఉండొచ్చు. మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు ఉంచితే వాటిలో చాలావరకు చస్తాయి. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గరే ఉంటుంది కాబట్టి నెల రోజులు ఉంచి వాడితే మేలు. తెచ్చిన తేదీ కవరు మీద రాసి పెట్టండి.

విటమిన్ లోపం మొదలైతే ఎలా కనిపిస్తుందో తెలిసి ఉండాలి. మొదట తల సన్నగా వణుకుతుంది. నాలుక ఆడిస్తూ ముక్క దగ్గరికి వస్తుంది, నోరు మాత్రం ముక్కకు అర అంగుళం పక్కన వేస్తుంది. రెండు మూడుసార్లు అలా గురి తప్పితే అనుమానించాలి. తర్వాత తల పైకెత్తి తొట్టి మూత వైపు చూస్తూ అలాగే ఉండిపోతుంది. వెల్లకిలా పడితే మామూలు పాము క్షణంలో బోర్లా తిరుగుతుంది, ఇది తిరగలేక మెలికలు తిరుగుతుంది. ఆ దశకు వచ్చాక తిండి మార్చితే చాలదు. సరీసృపాలు చూసే పశువైద్యుడు బి1 ఇంజెక్షన్ ఇవ్వాలి. తొందరగా తీసుకుపోతే చాలా పాములు కోలుకుంటాయి. ఆ డాక్టరు నంబరు ఫ్రిజ్ మీద అంటించమని కొడుకును మొదటి రోజే అడగండి.

చేప తర్వాత ఎక్కువగా పెట్టేవి వానపాములు, మన దగ్గర గాలానికి గుచ్చే ఎర్రలు. అక్కడ చేపలు పట్టేవాళ్ల దుకాణాల్లో, వాల్‌మార్ట్‌లో చిన్న డబ్బాల్లో నైట్‌క్రాలర్ అని అమ్ముతారు. అవి లావుగా, బూడిద గోధుమ రంగులో ఉంటాయి. ఫ్రిజ్‌లో కింది అరలో పెడితే వారాలు బతుకుతాయి. అదే దుకాణంలో రెడ్ విగ్లర్ అని ఎర్రగా, సన్నగా, పట్టుకోగానే పసుపు ద్రవం వదిలే పురుగు కూడా ఉంటుంది. ఇది మనవైపు వర్మీకంపోస్టు తొట్లలో పెంచేదే. దాన్ని పెట్టకూడదు. ఆ ద్రవం పాములకు పడదు, తిన్నవి కక్కేస్తాయి. పెరట్లో తవ్వినవి వాడాలంటే గడ్డికి మందులు కొట్టని నేల కావాలి, అమెరికా లాన్లలో అది దొరకడం కష్టం, కాబట్టి డబ్బావే వాడండి. పురుగును నీళ్లలో కడిగి, మట్టి పోయేదాకా తుడిచి, చిన్న పాముకు అయితే కత్తెరతో ఒక సెంటీమీటరు ముక్కలుగా కోసి పెట్టాలి. ముక్క కదులుతూ ఉంటే పాము వెంటనే తగులుకుంటుంది. వానపాముల్లో కాల్షియం తక్కువ. వాటితోనే ఏళ్లపాటు నడిపించడం సరికాదు.

అన్నిటికంటే నిండైన తిండి ఎలుక పిల్ల. వెంట్రుకలు రాని పసి ఎలుకలను గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్ముతారు. ఎముక, కాలేయం, అన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి పొడుల అవసరం దాదాపు ఉండదు. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. పెట్టే ముందు జిప్ కవరులో వేసి వేడి నీళ్ల గిన్నెలో, చెయ్యి పెట్టగలిగేంత వేడిలో, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచాలి. మైక్రోవేవ్ వద్దు, బయట చల్లగా ఉండి లోపల ఉడికిపోతుంది, ఒక్కోసారి పగులుతుంది. వేళ్లతో నొక్కితే మధ్యలో గట్టిగా తగలకూడదు. ఎలుక అలవాటు లేని పాము వాసన చూసి వెనక్కి పోతుంది. అప్పుడు తిలాపియా ముక్కను ఎలుక మీద బాగా రుద్ది ఇవ్వాలి. మూడు నాలుగు భోజనాలకు వాసన తగ్గిస్తూ పోతే ఉత్త ఎలుకే తినడం మొదలుపెడుతుంది. ఎలుక మందం పాము నడుము లావును మించకూడదు.

శాకాహారం ఇళ్లల్లో పెద్దలకు ఈ పని కష్టంగా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. అలాంటప్పుడు తిండి పని శనివారం కొడుక్కో కోడలికో వదిలేసి, నీళ్లూ వేడీ మాత్రం మీరు చూసుకోండి. పామేమీ రోజూ తినదు. పుట్టిన పిల్లకు రెండు మూడు రోజులకోసారి, ఎదిగేదానికి వారానికి రెండుసార్లు, పెద్దదానికి ఐదు నుంచి ఏడు రోజులకోసారి చాలు, ఎలుక పెడితే పది రోజులకు కూడా సరిపోతుంది. ఒంట్లో బాగున్న పెద్ద పాము పది పన్నెండు రోజులు తిండి లేకుండా ఇబ్బంది లేకుండా ఉంటుంది. నీళ్లు లేకుండా ఉండలేదు. పాపం ఆకలేస్తుందేమోనని రోజూ పెట్టే ప్రేమ దాన్ని లావెక్కిస్తుంది. తిన్న తర్వాత నడుము దగ్గర చిన్న ఉబ్బు కనిపించాలి. పొలుసుల మధ్య తెల్లటి చర్మం సాగి కనిపిస్తే పెట్టింది ఎక్కువైందని. తిన్న నలభై ఎనిమిది గంటలు ముట్టుకోవద్దు. ఎత్తినా, తొట్టి చల్లబడినా, ముక్క మరీ పెద్దదైనా కక్కేస్తుంది. కక్కితే వారం పది రోజులు ఆగి, మామూలులో సగం పెట్టి మొదలుపెట్టాలి.

పాల సంగతి కూడా చెప్పాలి, నాగుల పంచమి శ్రావణంలో వస్తుంది, మీరు అక్కడ ఉన్నప్పుడే రావచ్చు. పాములు పాలు అరిగించుకోలేవు. బాగా దప్పికతో ఉన్న పాము ముందు ఏ ద్రవం పెట్టినా తాగుతుంది, అది ఇష్టం కాదు. విరేచనాలు పట్టుకుంటాయి. గుడ్డు, పెరుగన్నం, కూరలో చికెన్ ముక్క ఇవీ వద్దు. పూజ చేసుకోవాలనుకుంటే పటం ముందు చేసుకోండి. తొట్టిలో పసుపు కుంకుమలు పడకుండా చూడండి. ఆ పొడులు దాని ముక్కు రంధ్రాల్లోకి పోతాయి, కళ్ల మీద పడతాయి.

ఒకే తొట్టిలో రెండు మూడు గార్టర్లు ఉంచడం మామూలే. అవి ఒకదాన్నొకటి ఓర్చుకోవడమే కాదు, తోటి పాముల్లో కొన్నింటి దగ్గరికే మళ్లీ మళ్లీ చేరతాయని కెనడాలో విల్‌ఫ్రిడ్ లారియర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో చూపించారు. కానీ తిండి దగ్గర ఈ స్నేహం పనిచేయదు. ఒకే చేపను రెండు కొసల నుంచి రెండు పాములు మింగుతూ వస్తాయి, మధ్యలో మూతులు కలుస్తాయి, పెద్దది ఆగకుండా చిన్నదాని తలను కూడా మింగేస్తుంది. అందుకే తినిపించేటప్పుడు ఒక్కో పామును ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో, మూతకు గాలి రంధ్రాలుంచి, వేరుగా పెట్టండి. అరగంట తర్వాత మూతికి అంటిన చేప వాసన తడిగుడ్డతో తుడిచి మెల్లగా వెనక్కి వేయండి, ఈ ఒక్కసారి తప్ప ఆ నలభై ఎనిమిది గంటలు ముట్టుకోవద్దు. లేకపోతే పక్క పాము ఆ వాసనకే కరుస్తుంది. ఒంటరి పాముకు తొట్టిలోనే పెట్టవచ్చు, కానీ చదునైన పింగాణీ ప్లేటులో. నేల మీద పెడితే పరుపు, అంటే తొట్టి అడుగున పరిచే కాగితం, చెక్క పొట్టు, ముక్కలు చేపకు అంటుకుని కడుపులోకి పోతాయి.

తొట్టి గురించి చెప్పాల్సింది తక్కువే, అది వాళ్లు అప్పటికే అమర్చి ఉంటారు. ఒక పెద్ద పాముకు 90 సెంటీమీటర్ల పొడుగు, 45 వెడల్పు ఉంటే బాగు. ఒకవైపు దీపం (వేడినిచ్చే బల్బు) కింద వెచ్చదనం, రెండోవైపు చల్లదనం ఉండాలి. అక్కడి థర్మామీటర్లు ఫారన్‌హీట్‌లో చూపిస్తాయి. దీపం కింద 85 నుంచి 88, చల్లటి వైపు 70 నుంచి 75 ఉంటే సరి. తొట్టి మొత్తం 95, అంటే మన లెక్కలో 35 డిగ్రీల సెల్సియస్, దాటితే పాము ప్రాణానికి ముప్పు. మన వరంగల్ మే నెల ఎండకు అలవాటైన మనకు 95 పెద్దగా అనిపించదు, దానికి మాత్రం అది చాలా ఎక్కువ. తొట్టిని కిటికీ ఎండలో పెట్టకండి, అద్దం లోపల వేడి నిమిషాల్లో పెరుగుతుంది. చలి వేస్తుందేమోనని దుప్పటి కప్పకండి, దీపం వల్ల నిప్పు అంటుకోవచ్చు.

నీటి గిన్నె పాము మొత్తం చుట్టుకుని మునిగేంత ఉండాలి, రోజూ మార్చాలి. ఎందుకంటే ఇది నీళ్లలోనే విసర్జిస్తుంది కూడా. గిన్నె అంచు దాకా నింపితే, పాము దిగగానే నీళ్లు పొంగి పరుపు తడుస్తుంది. తడి పరుపు మీద రోజుల తరబడి ఉంటే పొట్ట కింది పొలుసుల్లో నీటి బొబ్బలు వస్తాయి. గార్టర్ మలం పలుచగా, ఎక్కువగా ఉంటుంది, వాసన కూడా ఘాటు. రెండు మూడు రోజులకోసారి తడిసిన చోటు తీసేయాలి. పాత వార్తాపత్రిక, కిచెన్ పేపర్, ఆస్పెన్ చెక్క పొట్టు బాగుంటాయి. దేవదారు పొట్టు మాత్రం వద్దు, దాని వాసనలోని నూనెలు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. గిన్నెలో నల్లటి ఆవగింజ నలకలు తేలుతుంటే, అవి కదిలితే, పేలు పట్టాయని. ఆ సంగతి వెంటనే కొడుక్కి చెప్పండి.

చేతుల సంగతి పెద్దలు అన్నిటికంటే గట్టిగా పట్టించుకోవాలి. పాముల ఒంటి మీదా మలంలోనూ సాల్మొనెల్లా బాక్టీరియా ఉంటుంది, పాము మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలు, అరవై ఐదు దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు సరీసృపాలను ముట్టుకోకుండా ఉండడమే మంచిదని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్తుంది. అరవై ఐదు దాటిన తాతా, నానమ్మా, ఇంట్లో చంటిపాపా ముగ్గురూ ఆ జాబితాలోనే ఉన్నారు. పొడుగాటి పటకారు, వేరే కత్తెర, వేరే ప్లేటు పాముకే ఉంచండి. గిన్నెను వంటింటి సింకులో కడగకండి. తొట్టి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడగాలి.

ఎత్తాల్సి వస్తే పైనుంచి గబుక్కున పట్టకండి, గద్ద వచ్చిందనుకుంటుంది. పక్కనుంచి చెయ్యి పొట్ట కిందికి పోనిచ్చి, రెండు చేతులతో ఒళ్లంతా ఆనించాలి. భయపడితే తోక దగ్గర నుంచి దుర్వాసన ద్రవం చిమ్ముతుంది, అది బట్టలకు పడితే తొందరగా వదలదు. తోక పట్టి వేలాడదీయడం అసలే వద్దు. గార్టర్ తోక తెగిపోతుంది, బల్లి తోకలా మళ్లీ మొలవదు. కళ్లు పాలరంగు నీలంగా మారితే కుబుసం విడవబోతున్నట్టు. ఆ వారం తిననంటుంది, చిరాగ్గా ఉంటుంది, వదిలేయండి. తడి నాచు వేసిన చిన్న డబ్బా పెడితే కుబుసం ఒక్క ముక్కగా ఊడుతుంది. మూతకు క్లిప్పులు పెట్టడం మరవకండి, వేలు పట్టేంత సందు ఉంటే చాలు బయటికి పోతుంది.

నవంబరు నుంచి మార్చి మధ్య ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. ఉత్తరాది గార్టర్లు చలికాలంలో నేల లోపల నెలలు పడుకునే జాతి. కెనడాలో మానిటోబా రాష్ట్రం నార్సిస్ దగ్గర సున్నపురాయి గుంతల్లో వేల సంఖ్యలో చేరతాయి. ఇంట్లో హీటరు నడుస్తున్నా కొన్ని పాములు ఆ నెలల్లో వారాల తరబడి తినవు. బలవంతంగా నోట్లో పెట్టకండి. వారానికోసారి గ్రాముల తూకం మీద డబ్బాతో సహా తూచి, డబ్బా బరువు తీసేసి, పుస్తకంలో రాయండి. పదోవంతు బరువు తగ్గితే డాక్టరు దగ్గరికి.

ఇక మనవరాలు సెలవులకు వరంగల్ వచ్చినప్పటి సంగతి. జూన్, జులైలో ఇక్కడ వానలు మొదలవుతాయి, పాములు బయటికి వస్తాయి. చారలున్న పామును చేత్తో ఎత్తడం అలవాటైన పిల్ల ఇక్కడ గట్టు మీద కట్లపామును చూసి అలాగే చెయ్యి చాపొచ్చు. రక్తపింజర కూడా గార్టర్‌లాగే పిల్లల్ని కంటుంది, నాగుపాము పిల్ల జానెడు పొడుగే ఉన్నా, ఆ వయసులోనే విషం ఉంటుంది. అక్కడ తొట్టిలో ఉన్నది ఒక్క జాతి, ఇక్కడ ఏది కనిపించినా ముట్టుకోవద్దని ప్రయాణానికి ముందే, అక్కడున్నప్పుడే చెప్పండి. ఇక్కడి పాములను పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, నీరుకట్టె అయినా సరే. అక్కడి గార్టర్‌ను సామానులో పెట్టుకుని తేవడమూ కుదరదు, దిగుమతికి అనుమతులూ క్వారంటైనూ కావాలి. ఇంట్లో పాము దూరితే నాలుగడుగులు వెనక్కి జరిగి, అది ఎటు పోతుందో కంటితో చూస్తూ అటవీశాఖకు ఫోన్ చేయండి. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, పసరు పోయడం మానేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి నేరుగా ఎంజీఎం ఆస్పత్రికి తీసుకుపోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి పనిచేసే మందు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉంటుంది, పామును చంపి పట్టుకుపోవాల్సిన పని లేదు.